ద్రవ్యోల్బణం తగ్గితే ధరలు తగ్గినట్టేనా?

ప్రశ్న: సార్, కర్నూల్లో ఉంటూ బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. తెలుగు మీడియం. ఇన్‌ఫ్లేషన్, డిస్‌ఇన్‌ఫ్లేషన్, డిఫ్లేషన్, స్లోడౌన్, రిసెషన్... అర్థాలు బట్టీ పట్టినా ఇంగ్లిష్ న్యూస్‌పేపర్ తెరిచేసరికి అన్నీ కలగాపులగం అవుతున్నాయి. టెన్షన్‌గా ఉంది. ఎలా నేర్చుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఏళ్ల తరబడి తెలుగు మీడియం పిల్లలకు ఎకనామిక్స్ చెప్పాను. ఎక్కువమంది చిక్కుకునేది ఒక్కచోటే. ధర వేరు, ధర పెరిగే వేగం వేరు. ఇన్‌ఫ్లేషన్, అంటే ద్రవ్యోల్బణం, ఆ వేగమే.

నిరుడు 100 రూపాయలున్న నూనె ప్యాకెట్ ఈ ఏడు 110 అయిందనుకో. పెరుగుదల 10 శాతం. వచ్చే ఏడు 114 అయితే నాలుగు శాతం లోపే. అన్ని సరుకులూ ఇలాగే నడిస్తే 'ఇన్‌ఫ్లేషన్ ఈజెస్' అని పేపర్ రాస్తుంది. మీ అమ్మ మాత్రం అంగట్లో నాలుగు రూపాయలు ఎక్కువే ఇచ్చి వస్తుంది. ఇద్దరి మాటా నిజమే. ఇలా ధర పెరుగుతూనే ఆ వేగం తగ్గడమే డిస్‌ఇన్‌ఫ్లేషన్. 110 కాస్తా 105కు దిగితే డిఫ్లేషన్. అదీ మొత్తం ధరల మట్టం దిగితేనే. పత్తికొండ మార్కెట్లో టమోటా ధర పడిపోయి రైతు రోడ్డు మీద పారబోసి పోతే అది ఆ రైతుకు ఘోరమైన నష్టమే, కానీ దాన్ని డిఫ్లేషన్ అనరు.

స్లోడౌన్‌కూ ఇదే లెక్క. దేశ ఆర్థిక వృద్ధి 7 నుంచి 5 శాతానికి వస్తే స్లోడౌన్, ఇంకా పెరుగుతూనే ఉన్నాం. వరసగా రెండు త్రైమాసికాలు సున్నా కిందికి పోతే రిసెషన్ అంటారు. 2020 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మన దేశంలో జరిగింది అదే.

పదాల పట్టికలు పక్కన పెట్టు. మామూలుగా ప్రతి నెలా 12న రిటైల్ ధరల లెక్క వస్తుంది. మర్నాడు ఆ వార్త ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో చదువు. క్రియ కింద గీత గియ్యి. ఈజ్, కూల్, మోడరేట్ అంటే వేగం తగ్గింది. సోర్, సర్జ్ అంటే ఎగబాకింది. పక్కనున్న అంకెను రిజర్వ్ బ్యాంక్ లక్ష్యమైన 4 శాతంతో పోల్చు. అటూ ఇటూ 2 శాతం వరకు దానికి వెసులుబాటు ఉంది.

స్టాగ్‌ఫ్లేషన్ కూడా అడుగుతారు. ధరలు మండుతూ, ఉద్యోగాలు లేక, వృద్ధి చతికిలబడటం. 1973 చమురు సంక్షోభం తర్వాతి అమెరికా, బ్రిటన్‌లను ఉదాహరణగా చెప్పు.