రాని ఫోన్‌కి కట్టిన అడ్వాన్సు

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. అమ్మానాన్న భాకరాపేట దగ్గర పల్లెలో ఉంటారు. ఆ ఇంట్లో సిగ్నల్ సరిగా అందదు. ఒక కంపెనీ కొత్త ఫోన్ తెస్తోందనీ, అందులో జియో వాడే 700 మెగాహెర్ట్జ్ 5జీ బ్యాండ్ (సిగ్నల్ అందుకునే ఫ్రీక్వెన్సీ) కూడా ఉంటుందనీ యూట్యూబ్‌లో వరసగా వీడియోలు చూశాను. నాకు తెలిసిన మొబైల్ షాపతన్ని అడిగితే, "వచ్చే నెల గ్యారంటీగా వస్తుంది సామీ, ఆ బ్యాండ్ ఉంటుంది, మీ పల్లెలో కూడా 5జీ పడుతుంది" అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఒక్కోదానికి 5,000 చొప్పున రెండు ఫోన్లకి 10,000 రూపాయలు యూపీఐలో కట్టాను. ఒకటి నాకు. రెండోది, కొత్తలో స్టాక్ దొరకదు కాబట్టి కొంచెం ఎక్కువకి అమ్ముకుందామని. ఫోన్ నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చింది. మన దేశంలో అమ్మే మోడల్‌లో ఆ బ్యాండ్ లేదు. డబ్బు వాపసు అడిగితే వేరే ఫోన్‌లో అడ్జస్ట్ చేస్తానంటాడు, లేదంటే ఆ బ్యాండ్ ఉన్న హాంకాంగ్ పీస్ తెప్పిస్తానంటాడు. మా బావమరిది 420 కేసు పెట్టమంటున్నాడు. యూట్యూబర్ మీద కూడా కేసు వేయొచ్చా? నా పాత ఫోన్‌ని ఎక్స్చేంజ్‌లో ఇచ్చేస్తున్నాను. స్లిప్పు ఫొటో పంపుతున్నాను. (పేరు వద్దు)

జవాబు: మీరు పంపిన స్లిప్పు ఫొటో చూశాను. అరచేతిలో పట్టే పసుపు కాగితం. మీద షాపు స్టాంపు, తేదీ, "న్యూ మోడల్ అడ్వాన్స్ 10,000/-" అని బాల్‌పెన్ రాత. కింద అచ్చులో "అడ్వాన్సు వాపసు ఇవ్వబడదు". ఏ కంపెనీ, ఏ మోడల్, ఎప్పుడిస్తారు, మొత్తం ధరెంత, ఒక్కటీ లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. ఈ స్లిప్పులో ఆ సోమలింగం పేరు కూడా లేదు. అయినా కంగారు పడకండి. ఆ కాగితం కన్నా బలమైన సాక్ష్యం మీ దగ్గరే ఉంది, అతని గొంతుతోనే ఉంది.

ముందు యూట్యూబర్ సంగతి తేల్చేద్దాం. రాబోయే ఫోన్ గురించి "అట కద" అని చెప్పడం నేరం కాదు. ఈ లీకుల్లో ఎక్కువ భాగం ఎక్కడ పుడతాయంటే, కంపెనీలు మన దేశంలో ఫోన్ అమ్మాలంటే ముందుగా బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. అక్కడ ఒక మోడల్ నంబరు కనబడగానే "వచ్చేస్తోంది" అని వీడియోలు మొదలవుతాయి. అక్కడ నంబరు ఉందంటే కంపెనీ అనుమతి తీసుకుందని మాత్రమే. ఏ నెలలో వస్తుందో, ఏయే బ్యాండ్లతో వస్తుందో అది చెప్పదు. కంపెనీ తన నోటితో చెప్పని మాటకి కంపెనీని కూడా పట్టుకోలేం. యూట్యూబర్ గనక షాపు దగ్గరో కంపెనీ దగ్గరో డబ్బు తీసుకుని, ఆ సంగతి చెప్పకుండా "ఇక్కడ బుక్ చేసుకోండి" అని ఉంటే అది ప్రకటన కిందికి వస్తుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకి వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ఎండార్స్ చేసినవాళ్లకి, అంటే ప్రచారం చేసిపెట్టినవాళ్లకి కూడా 10 లక్షల వరకు జరిమానా ఉంది. కానీ అది కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ వేసే జరిమానా, మీ జేబులోకి రాదు. మీ ఉత్తరంలో అలాంటి లింకు సంగతేమీ లేదు కాబట్టి అతన్ని వదిలేయండి.

షాపతని సంగతి వేరు. యూట్యూబ్‌లో "ఉండొచ్చు" అన్నది అతని నోట్లో "గ్యారంటీ" అయింది. ఆ మాట నమ్మే మీరు డబ్బు కట్టారు. పుకారు ఎవరిదైనా కావచ్చు, దాన్ని హామీగా మార్చి సొమ్ము పుచ్చుకున్నవాడిదే బాధ్యత. మన జిల్లాలోని శ్రీసిటీలో 2015 నుంచి ఫోన్లు తయారవుతున్నాయి కదా, "లోపలివాళ్లు చెప్పారు" అని కొందరు దుకాణదారులు గొప్పగా చెప్తుంటారు. అసెంబ్లీ లైన్ మన పక్కనే ఉన్నంత మాత్రాన కంపెనీ మనసులో ఏముందో కౌంటర్ దగ్గర కూర్చున్నతనికి తెలుస్తుందా?

ఇప్పుడు కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం చూద్దాం. అతను రెండు విధాలుగా వాదించొచ్చు. "ఫోన్ వస్తే ఇస్తానన్నాను, రాలేదు, నా తప్పేంటి" అనొచ్చు. అంటే అది ఒక సంఘటన జరిగితేనే నిలిచే ఒప్పందం. చెప్పిన గడువులో ఆ సంఘటన జరగకపోతే సెక్షన్ 35 ప్రకారం ఒప్పందం చెల్లకుండా పోతుంది. చెల్లని ఒప్పందం కింద పుచ్చుకున్నది తిరిగి ఇచ్చేయాలని సెక్షన్ 65 చెప్తోంది. లేదా "నేను గ్యారంటీ ఇచ్చాను, కంపెనీ మోసం చేసింది" అనొచ్చు. అప్పుడు మాట తప్పింది అతనే, సెక్షన్ 73 కింద నష్టపరిహారం కట్టాల్సిందీ అతనే. ఎటు తిప్పినా మీ పదివేలు అతని గల్లాపెట్టెలో ఉండటానికి వీల్లేదు. కొనేవాడు మనసు మార్చుకుంటే అడ్వాన్సు పోతుందన్న మాటలో కొంత న్యాయం ఉంది. ఇక్కడ మనసు మార్చుకున్నది మీరు కాదు, చెప్పిన సరుకు ఇవ్వలేకపోయింది అతను. "వాపసు ఇవ్వబడదు" అన్న అచ్చు అక్షరాలు అతన్ని కాపాడలేవు.

ఒక చిక్కు మాత్రం ఉంది, అతని వకీలు దాన్ని తప్పకుండా పట్టుకుంటాడు. సరుకుల విక్రయ చట్టం, 1930లో సెక్షన్ 16 అని ఒకటుంది. ఫలానా పనికి కావాలని చెప్పి, దుకాణదారు తెలివి మీద నమ్మకంతో కొంటే సరుకు ఆ పనికి పనికొచ్చేలా ఉండాలి. కానీ మీరే బ్రాండు పేరు చెప్పి "అదే కావాలి" అని అడిగితే ఆ రక్షణ వర్తించదని అక్కడే మినహాయింపు కూడా ఉంది. మీరు అడిగింది పేరుతోనే. అందుకని సెక్షన్ 16ని పట్టుకుని వేలాడకండి. మీకు అండ ఆ వాయిస్ మెసేజ్‌లోని "ఆ బ్యాండ్ ఉంటుంది" అన్న నోటి హామీ, అంతే. చట్టం ఊహించుకునే షరతు కన్నా మనిషి నోటితో అన్న మాట ఎప్పుడూ గట్టిది.

ఆ బ్యాండ్ గొడవేంటో కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే కేసులో మీరు అడగాల్సిందీ అడగకూడనిదీ దాన్ని బట్టే తేలుతుంది. జియో 5జీకి 700, 3300 మెగాహెర్ట్జ్ రెండూ వాడుతుంది. ఫోన్ స్పెసిఫికేషన్లలో మొదటిది ఎన్28, రెండోది ఎన్78 అని ఉంటుంది. ఎయిర్‌టెల్ 5జీకి ప్రధానమైనది ఎన్78. 700 లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ దూరం పోతుంది, గోడల లోపలికి కూడా బాగా వెళ్తుంది. మీరు దానికోసం ఆశపడటంలో తప్పు లేదు. కానీ ఎన్28 లేని ఫోన్ కూడా కొర్లగుంటలో ఎన్78 మీద, పల్లెలో 4జీ మీద పనిచేస్తుంది. కాబట్టి "ఈ ఫోన్ దేనికీ పనికిరాదు" అని రాయకండి, వినియోగదారుల కమిషన్ నమ్మదు. "నాకు చెప్పిన ఫోన్ ఇది కాదు" అని రాయండి. అలాగే "మీ పల్లెలో 5జీ పడుతుంది" అన్న మాటని కూడా ఎక్కువగా లాగొద్దు. ఆ కొండల మధ్య టవర్ పెట్టడం, పెట్టకపోవడం షాపతని చేతుల్లో లేదు. ఫోన్‌లో బ్యాండ్ ఉందా లేదా అన్నదానికే అతన్ని నిలదీయండి.

రేపు అతను "అప్‌డేట్‌లో వస్తుంది సామీ" అని కూడా అనొచ్చు. పూర్తిగా అబద్ధమని తోసేయలేం. 2022 అక్టోబరు 1న మన దేశంలో 5జీ మొదలైనప్పుడు ఐఫోన్లు ఉన్నవాళ్లు చేతిలో 5జీ ఫోన్ పెట్టుకుని 4జీ వాడారు. డిసెంబరులో ఐఓఎస్ 16.2 అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాకే వాటికి 5జీ అందింది. అక్కడ హార్డ్‌వేర్ ఉంది, సాఫ్ట్‌వేర్‌లో తాళం వేసి ఉంది. కంపెనీ భారత వెబ్‌సైట్‌లో బ్యాండ్ల జాబితాలోనే ఎన్28 లేదంటే అప్‌డేట్ కోసం ఎదురుచూడటంలో అర్థం లేదు. ఆ పేజీని ఈరోజే తేదీ కనబడేలా ప్రింటు తీసి పెట్టుకోండి.

హాంకాంగ్ పీస్ సంగతి. దయచేసి వద్దు. ఒకే పేరున్న ఫోన్ దేశాన్ని బట్టి మోడల్ నంబరు మారుతుంది, దాంతోపాటు బ్యాండ్లు, సిమ్ స్లాట్లు మారతాయి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లలో సిమ్ పెట్టే ట్రేనే లేదు, ఫోన్‌లోనే ఉండే ఈ-సిమ్ మాత్రమే. ఇక్కడ అమ్మడానికి తెచ్చే ఫోన్ల ఐఎంఈఐ నంబర్లని (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబర్లు) 2023 జనవరి 1 నుంచి ప్రభుత్వ పోర్టల్‌లో ముందే నమోదు చేయాలి. చేతిసంచిలో దిగిన పీసుకి అవేవీ ఉండవు, సరైన బిల్లూ ఉండదు. ఎవరైనా ఐఎంఈఐ మార్చి ఉంటే, 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద దానికి మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. నంబరు మార్చింది అతనైనా పోలీసులు ముందు వెతికేది ఆ ఫోన్ వాడుతున్న మిమ్మల్నే. మీ దగ్గర ఇప్పటికే అలాంటి ఫోన్ ఉంటే *#06# కొట్టి వచ్చిన 15 అంకెల నంబరుని, ముందు కేవైఎం అన్న మూడు అక్షరాలని ఇంగ్లీషులో పెట్టి, 14422కి ఎస్సెమ్మెస్ చేయండి. ఆ నంబరు అసలుదో కాదో చెప్తుంది.

మీ బావమరిది 420 అంటున్నారు. ఆ నంబరు మారి చాలా కాలమైంది, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది సెక్షన్ 318. నంబరు ఏదైనా, డబ్బు తీసుకున్న రోజునే ఎగ్గొట్టాలన్న ఉద్దేశం ఉందని చూపించాలి. షాపు తెరిచే ఉంది, ఫోన్ ఎత్తుతున్నాడు, అడ్జస్ట్ చేస్తానంటున్నాడు. స్టేషన్‌కి వెళ్తే సివిల్ మేటర్ అని పంపించేస్తారు, అది సబబే. ఇదే పద్ధతిలో పదిమంది దగ్గర వసూలు చేసి షట్టర్ దించేస్తే మాత్రం అప్పుడు వెళ్లండి.

మీ దారి వినియోగదారుల కమిషన్. అడ్వాన్సు మాత్రమే కట్టారు, ఫోన్ ఇంకా కొనలేదు కదా అన్న అనుమానం వద్దు. ధరలో కొంత కట్టి మిగతాది కడతానన్నవాళ్లు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, చాలా షాపులు అక్కడికే దిగొస్తాయి. దాంతోపాటు మీ సొంత మాటల్లో ఒక నోటీసు రాసి, డెలివరీ రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు అందులోనే కలిసిపోయింది. పదిహేను రోజులు గడువివ్వండి. "అడ్జస్ట్‌మెంట్ నాకు వద్దు, డబ్బే కావాలి" అని ఒక్క వాక్యం తప్పకుండా ఉండాలి. లేదంటే మీరు ఒప్పుకున్నారనే అంటాడు. ఇంకోటి అడగండి: జీఎస్టీ కట్టే వ్యాపారి అడ్వాన్సు తీసుకుంటే రసీదు వోచర్, సరుకు ఇవ్వకుండా డబ్బు వెనక్కిస్తే రీఫండ్ వోచర్ ఇవ్వాలి. పసుపు స్లిప్పు వోచర్ కాదని అతనికీ తెలుసు. ఆ ఒక్క లైను చదివాక మాట మెత్తబడటం నేను చూశాను.

దిగిరాకపోతే తిరుపతి కమిషన్‌లోనే వేయండి. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు ఉండే ఊళ్లో కేసు వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. గొడవ మొదలైన నాటి నుంచి రెండేళ్లలో వేయాలి. స్లిప్పులోని షరతు అన్యాయమని విడిగా ఒప్పందాన్నే సవాలు చేయబోకండి, అది రాష్ట్ర కమిషన్‌కి పోవాల్సిన వ్యవహారం. తప్పుడు హామీ, అనుచిత వ్యాపార పద్ధతి, సేవాలోపం అని రాస్తే జిల్లా కమిషన్ చాలు. ఫోన్‌ని ల్యాబ్‌కి పంపే పని లేదు కాబట్టి మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటోంది. చట్టం అనడం వేరు, వాయిదాలు వేరు, కాస్త ఓపిక పట్టండి. అసలు, వడ్డీ, ఖర్చులు, మనోవేదనకి కొంత, ఇంతవరకు న్యాయంగా ఆశించొచ్చు. లక్షలు అడిగితే కమిషన్ ముందు మీరే పలచన అవుతారు.

మీ ఉత్తరం చివర్లో పాత ఫోన్ ఎక్స్చేంజ్‌లో ఇచ్చేస్తున్నానని రాశారు. ఆగండి. ఆ వాయిస్ మెసేజ్ అందులోనే ఉంది. దాన్ని ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి ఒరిజినల్ పోగొట్టుకుంటే ఆ గొంతు తనది కాదంటాడు. చాట్ బ్యాకప్ తీయండి, నంబరూ తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు ప్రింటు తీయించండి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన, భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయండి. కేసు ముగిసేదాకా ఫోన్ బీరువాలో పెట్టండి, కంపెనీ మంచి ఎక్స్చేంజ్ ఆఫర్ ఇచ్చినా సరే.

ఇక రెండో ఫోన్. అమ్ముకోవడానికి బుక్ చేశారు కాబట్టి ఆ 5,000కి మీరు వినియోగదారు కారు. ఫిర్యాదులో రెండూ నా వాడకానికే అని రాయొద్దు. ఎక్కువకి అమ్ముకుందామని మీరు అతనితో వాట్సాప్‌లో అన్న మాట ఉంటే మొదటి 5,000 కూడా అనుమానంలో పడుతుంది. కమిషన్‌లో ఒక ఫోన్ గురించే అడగండి. రెండోదాని డబ్బుని అదే నోటీసులో కాంట్రాక్టు చట్టం సెక్షన్ 65 కింద విడిగా అడగండి. ఇవ్వకపోతే సివిల్ కోర్టే దిక్కు. 5,000 కోసం అంత దూరం వెళ్లాలా అంటే, నా సలహా మొదటిదాని మీద ఆర్డరు వచ్చేదాకా ఆగమని. అది చేతికొచ్చాక రెండోది అతనే ఇచ్చేస్తాడని నా నమ్మకం.