ఆవిడ ఉద్యోగం సంగతి తర్వాత, ముందు మీ నాన్నగారితో మాట్లాడండి

ప్రశ్న (2021 మే, కోవిడ్ రెండో వేవ్, లాక్‌డౌన్ రోజులు): బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. నేను సాఫ్ట్‌వేర్, ఏడాది పైగా ఇంటి నుంచే పని. నా భార్య ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, ఏప్రిల్ నుంచి కోవిడ్ వార్డు డ్యూటీ. అమ్మ పోయాక నాన్నగారు ప్రొద్దుటూరు నుంచి మా దగ్గరికి వచ్చేశారు. 68 ఏళ్ళు, బీపీ, షుగరు ఉన్నాయి, ఏప్రిల్లో కోవిషీల్డ్ టీకా మొదటి డోసు వేయించాం. ఆర్టీసీలో కండక్టరుగా చేశారు, డ్యూటీ విషయంలో ఒక్కరోజు మాట పడిన మనిషి కాదు. ఇప్పుడు కోడలు ఉద్యోగం మానాల్సిందే అంటున్నారు. తను వచ్చే టైముకి నాకు అమెరికా వాళ్ళతో కాల్ ఉంటుంది, అది అయ్యి నేను గీజర్ వేసి తలుపు తీసేదాకా మెట్ల మీదే కూర్చుంటుంది. పాప దగ్గరికి వెళ్తే నాన్నగారు కేకలేస్తారు. అపార్ట్‌మెంట్ వాళ్ళు లిఫ్ట్ ఎక్కొద్దంటున్నారు. రాత్రిళ్ళు ఏడుస్తోంది. తనతో ఎలా రిజైన్ చేయించాలి?

జవాబు: రిజైన్ చేయించకండి. బెడ్ ఎక్కడ దొరుకుతుందా అని జనం ఊరంతా ఫోన్లు చేస్తున్న ఈ మే నెలలో, కోవిడ్ వార్డులో పని తెలిసిన నర్సుని ఇంట్లో కూర్చోబెట్టడానికి నేను ఉపాయం చెప్పను. ఆవిడ మానేస్తానని ఎక్కడా అన్నట్టు మీరు రాయలేదు కూడా.

నా మనసు మాత్రం ఆ మెట్ల దగ్గరే ఆగిపోయింది. గంటల తరబడి పీపీఈ కిట్‌లో మంచినీళ్ళు తాగకుండా, బాత్రూంకి వెళ్ళకుండా నిలబడి పనిచేసిన మనిషి, మాస్క్ దిగిన చోట ముక్కు మీద కందిపోయి, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని సొంత ఇంటి మెట్ల మీద కూర్చుంటోంది, పైకీ కిందకీ వెళ్ళేవాళ్ళు గోడకి ఒత్తుకుని తప్పుకుంటుంటే. గీజర్ స్విచ్ వేయడానికి ఎంతసేపు పడుతుందండీ? కాల్ మ్యూట్‌లో పెట్టి లేస్తే అయిపోతుంది. మీరు లేవరు, ఎందుకంటే తలుపు తీస్తే నాన్నగారు ఏదో అంటారు, అప్పుడు మీరు ఏదో ఒకటి మాట్లాడాల్సి వస్తుంది. ఆ కాల్ మీకు సాకుగా దొరికింది. కోపం తెచ్చుకోకుండా ఆలోచించండి.

మీ ఇంట్లో తెగిపోయింది మీకూ మీ నాన్నగారికీ మధ్య మాట. ఆయన కోడలితో అంటారు, ఆవిడ పాప దగ్గరికి వెళ్తే కేకలేస్తారు, మీతో మాత్రం సూటిగా ఏమీ అన్నట్టు లేదు, మీరూ ఆయనతో అన్నట్టు లేదు. ఆయన్ని నేను చెడ్డవాడనుకోవట్లేదు. భార్య పోయింది, ఊరు వదిలి వచ్చాడు, పొద్దున లేస్తే టీవీలో ఆక్సిజన్ సిలిండర్లు, శ్మశానాలు. ఊరి నుంచి ఫోనొస్తే ఫలానా ఆయన కూడా పోయాడట అనే మాటే అయ్యుంటుంది ఈ రోజుల్లో. ఆయన భయపడుతున్నారు. ఆ భయాన్ని కొడుకు పక్కన కూర్చుని వినకపోతే అది కోడలి మీదే పడుతుంది.

ఇంకో సంగతి. మీ మెయిల్ చివర్లో రాశారు, రెండో బెడ్‌రూం మీకు ఆఫీసు అయిందని, నాన్నగారు హాల్లో దివాన్ మీద పడుకుంటారని, రాత్రి కాల్స్ వల్ల మీరు లేచేసరికి ఆలస్యమవుతుంది కాబట్టి కూరగాయలూ పాలూ ఆయనే తెస్తారని. లాక్‌డౌన్లో షాపులు ఆరు నుంచి పది వరకే కదా, ఆ నాలుగు గంటల్లో అందరూ ఒకేసారి ఎగబడే చోటికి బీపీ, షుగరు ఉన్న పెద్దాయన్ని పంపిస్తున్నారు. ఇంట్లో అందరికంటే జాగ్రత్తగా ఉంచాల్సిన మనిషికి వీధి తలుపు పక్కన మంచం, మీకేమో తలుపు వేసుకునే గది! రేపే మీ టేబుల్ హాల్లోకి మార్చుకోండి, కిటికీ ఉన్న ఆ గది ఆయనకివ్వండి. సరుకులకి మీరు వెళ్ళండి, నిద్ర చాలకపోతే మధ్యాహ్నం పడుకోండి.

ఇక మాట్లాడటం. "తను ఇలా అంటోంది నాన్నా" అని మొదలుపెట్టొద్దు, ఆవిడ పేరు అడ్డం పెట్టుకోకుండా మీ మాటగా చెప్పండి. బందులున్నా, వానలొచ్చినా సంచీ తగిలించుకుని బస్సెక్కిన మనిషికి డ్యూటీ అంటే ఏంటో ఎవరూ నేర్పక్కర్లేదు, "మీరు మానారా నాన్నా?" అని ఒక్కసారి అడగండి చాలు. ఆయనకి కోపం రావచ్చు, ఒక పూట అన్నం మానేయొచ్చు కూడా. రానివ్వండి. పెద్దవాళ్ళ ముందు నోరు విప్పకపోవడమే మర్యాద అని మనల్ని పెంచారు, నన్నూ అలాగే పెంచారు, కానీ మీరు మర్యాదగా ఊరుకున్న ప్రతి పూటా అవతల ఒక మనిషి మాటలు పడుతోంది.

ఆయన భయానికి జవాబు కూడా ఉండాలి. నర్సులకి జనవరి 16 నుంచే టీకాలు మొదలయ్యాయి, ఆవిడవి రెండు డోసులూ అయ్యాయో లేదో మీరు రాయలేదు, అడిగి తెలుసుకోండి. టీకా వేసుకున్నా జాగ్రత్త తప్పదు. ఆవిడ రాకముందే నీళ్ళు కాగి ఉండాలి, రాగానే స్నానం, విడిచిన బట్టలు వేరే బకెట్లో, నాన్నగారితో ఉన్నప్పుడు ఇద్దరికీ మాస్క్, కిటికీలు తెరిచి ఉంచాలి. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఆక్సీమీటర్ ఒకటి కొనండి, ఎవరికైనా అది 94 కంటే తగ్గితే వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువుని ఈ నెల 13న 12–16 వారాలు చేశారు కాబట్టి ఆయనది జూన్ ఆఖరో, జులైయో అవుతుంది. అప్పటిదాకా ఆయన బయట తిరగకపోవడమే మంచిది.

అపార్ట్‌మెంట్ గ్రూపులో జవాబు మీరు రాయండి, ఆవిడతో రాయించొద్దు. వైద్య సిబ్బందిని ఉంటున్న చోట వేధిస్తే శిక్ష పడేలా 2020లోనే చట్టం మార్చారు, ఆ ఒక్క ముక్క రాస్తే చాలు.

ఆదివారం దాకా ఆగకండి. రేపు సాయంత్రం కాల్ ఇంకెవరికైనా అప్పగించి, ఆవిడ ఇంటికి రాకముందే నాన్నగారి దగ్గర కూర్చోండి.