మొరాయించిన ఏసీకి రూ.38 వేల అప్పా?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో పై అంతస్తులో అద్దెకుంటున్నాం. నేను లాడ్జి రిసెప్షన్‌లో పనిచేస్తాను. జీతం రూ.34 వేలు. మా ఆవిడ టైలరింగ్ మీద మరో రూ.7 వేలు వస్తాయి. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు రూ.32 వేలు. మా అమ్మకు 72 ఏళ్లు, బీపీ ఉంది. మా లాడ్జిలో ఏసీలు మార్చినప్పుడు తక్కువకు వచ్చిందని పాత టన్నున్నర విండో ఏసీ తెచ్చుకున్నాం. పోయిన వారం గాలివానకు కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి అది పనిచేయడం లేదు. ఫ్యాన్ తిరుగుతుంది, లోపల గుయ్‌మని శబ్దం వస్తుంది, టక్కున ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ అదే తంతు. మెకానిక్ వచ్చి శబ్దం విని, కంప్రెసర్ పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నాడు. షోరూంలో స్ప్లిట్ ఏసీ రూ.38 వేలు, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ అంటున్నారు. ఒకేసారి నగదు కడితే రూ.35,500. ఒక లోన్ యాప్ రూ.20 వేలు ఇస్తానంటోంది, చేతికి రూ.17,200 వస్తుంది, నెలకు రూ.20 వేలు కట్టాలి. రెండు సవర్ల బంగారం ఉంది. బ్యాంకులో రూ.11 వేలున్నాయి. నెలకు రూ.5 వేల చొప్పున లక్ష రూపాయల చీటీ కడుతున్నాను, ఇంకా పాడలేదు, ఏడు నెలల్లో ముగుస్తుంది. ఆ డబ్బుతో బండి మార్చాలని అనుకుంటున్నాం. ఏసీకి ఏ అప్పు తీసుకుంటే మేలు?

జవాబు: ఏదీ వద్దు. ముందు రెండో మెకానిక్‌ను పిలవండి.

ఎండలు ముదిరాయంటే నాకు ఇలాంటి ప్రశ్నలు వరస కడతాయి. ఒకసారి ఏసీ, ఒకసారి ఫ్రిజ్, ఒకసారి బోరు మోటారు. వస్తువు ఏదైనా చేసే తప్పు మాత్రం ఒకటే. దానికి ఏం రోగమొచ్చిందో తేలకముందే అప్పు ఎక్కడ దొరుకుతుందో తేల్చుకుని కూర్చుంటారు. మీరు అప్పుల లెక్కలు పైసలతో సహా రాశారు. ఏసీ పెట్టె విప్పి చూశారా లేదా అన్నది మాత్రం రాయలేదు. విని చెప్పాడన్నారు కాబట్టి విప్పలేదనే అనుకుంటున్నాను.

మీరు చెప్పిన లక్షణాలనే తీసుకుందాం. ఫ్యాన్ తిరుగుతోందంటే ప్లగ్గుకు కరెంటు వస్తున్నట్టే. గుయ్‌మంటోందంటే కంప్రెసర్ తిరగడానికి తంటాలు పడుతోంది, తిరగలేకపోతోంది. టక్కుమన్నది ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్. మోటారు వేడెక్కి కాలిపోకుండా అది లైను తెంపేస్తుంది. చల్లారాక మళ్లీ కలుపుతుంది, అందుకే కాసేపటికి అదే తంతు. సింగిల్ ఫేజ్ కంప్రెసర్ తనంతట తాను కదలలేదు, కెపాసిటర్ ఒక తోపు తోయాలి. అది బలహీనపడితే సరిగ్గా మీరు రాసినట్టే ఉంటుంది. కరెంటు పోయి వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిరిపడి కెపాసిటర్ దెబ్బతినడం మామూలే. కెపాసిటర్ ఖరీదు వందల్లో ఉంటుంది. అది బాగుండి కంప్రెసరే బిగుసుకుపోయి ఉండవచ్చు కూడా, కాదనను. కానీ రెంటికీ బయటికి వినిపించే శబ్దం ఒకటే. చెవితో విని ఏది పోయిందో చెప్పడం కుదరదు.

రెండో మెకానిక్ వచ్చినప్పుడు పక్కనే నిలబడి మూడు విషయాలు చూడండి. ఏసీ ఆన్ చేసిన క్షణంలో స్టెబిలైజర్ దగ్గర వోల్టేజీ ఎంతకు పడిపోతోంది? మీ పై అంతస్తుకు వచ్చే వైరు సన్నదైతే, గాలివానకు ఎక్కడైనా జాయింటు వదులైతే, తప్పు ఏసీది కాదు. తర్వాత కెపాసిటర్. దాని పై భాగం ఉబ్బి ఉందా? మీటరు పెడితే ఎన్ని మైక్రోఫారడ్‌లు చూపిస్తోంది? ఒంటి మీద అచ్చువేసిన అంకెకు దగ్గరగా లేకపోతే దొంగ దొరికినట్టే. చివరికి కంప్రెసర్ మీద ఉండే మూడు టెర్మినళ్లు. వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్ట) తెగిందా, బాడీకి షార్ట్ అయిందా అన్నది మీటరే చెబుతుంది. ఇవేమీ చూడకుండా ‘కొత్తది కొనండి సార్’ అనేవాడికి విజిటింగ్ చార్జీ ఇచ్చి పంపేయండి. ఒక్క మాట, మీరు మాత్రం స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. ప్లగ్గు పీకేసినా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది, ముట్టుకుంటే గట్టిగా కొడుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మొదటి మెకానిక్ మాటే మీకు వేదమెందుకైంది? ఇంట్లో పెద్దావిడ రాత్రంతా నిద్రలేక అవస్థ పడుతున్నారు, బ్యాంకులో రూ.11 వేలున్నాయి. ఆ పరిస్థితిలో ఉన్న మనిషికి నాలుగు రోజులు ఆగి నలుగురిని అడిగే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? అత్యవసర నిధి ఉండుంటే మీరు కొత్త ఏసీ కొనేవారని నేననను. ‘సరే, ఇంకొకరికి చూపించి చెబుతా’ అని ఉండేవారు. ఆ నిధి మొట్టమొదట కొనిపెట్టేది వ్యవధినే. అది లేనివాళ్లు తొందరలో ఉంటారని షోరూం వాళ్లకూ తెలుసు, యాప్‌ల వాళ్లకు ఇంకా బాగా తెలుసు.

యాప్ సంగతి మర్యాదగా చెప్పడం నా వల్ల కాదు. రూ.17,200 చేతికిచ్చి నెలలో రూ.20 వేలు కక్కించడమంటే నూటికి నెలకు 16 రూపాయల పైన వడ్డీ. వీధిలో వడ్డీకి తిప్పేవాడు నూటికి అయిదు అడిగితే శాపనార్థాలు పెడతాం. ఇక్కడ ఫోన్‌లో రంగురంగుల బొమ్మ కనిపిస్తే పదహారుకు వేలిముద్ర వేస్తాం. పైగా రూ.41 వేల ఆదాయంలో ఖర్చులు, చీటీ పోగా మీకు మిగిలేది రూ.4 వేలు. నెల తిరిగేసరికి రూ.20 వేలు ఎక్కడి నుంచి తెస్తారు? ఇంకో యాప్ నుంచే. రిజర్వు బ్యాంకు తన పరిధిలోని సంస్థలు వాడే లోన్ యాప్‌ల జాబితాను 2025 జులై నుంచి తన వెబ్‌సైట్‌లో ఉంచుతోంది. మీది అందులో ఉన్నా నా జవాబు మారదు. ఇప్పుడే ఫోన్‌లోంచి తీసేయండి.

నో కాస్ట్ ఈఎంఐకి కాస్ట్ లేదని ఎవరు చెప్పారు? నగదు ధర రూ.35,500, వాయిదాల్లో రూ.38 వేలు. ఆ తేడా రూ.2,500 వడ్డీయే, నెలనెలా తగ్గే అసలు మీద లెక్కేస్తే ఏడాదికి దాదాపు 13 శాతం. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. బజారులో పేరు మారింది, అంతే. కరెంటు బిల్లు ఆదా అని కూడా చెప్పే ఉంటారు. రాత్రికి అయిదు యూనిట్లు మిగిలినా, వేసవి నాలుగు నెలలకు 600 యూనిట్లు. యూనిట్ ఏడెనిమిది రూపాయలనుకున్నా ఏడాదికి నాలుగు వేల చిల్లర. దానికోసం నెలకు రూ.3,167 కడతారా?

బంగారం కుదువ ఈ మూడింట్లో తక్కువ చెడ్డది. చీటీని ఇప్పుడే తోసి పాడుకుంటే కసరు, అంటే పాటలో వదులుకునే సొమ్ము, ఎక్కువ పోతుంది, వద్దు.

లాడ్జిలో పనిచేసే మీకు ఇంకో మాట చెప్పాలి. 2020 మార్చిలో కొండ మీద దర్శనాలు ఆగాయి. సామాన్య భక్తులకు మళ్లీ మొదలైంది జూన్ 11న. యాత్రికుడు రాకపోతే లాడ్జి నుంచి ఆటో వరకు ఈ ఊళ్లో ఎవరి చేతా రూపాయి ఆడదని ఆ రోజుల్లో అందరం చూశాం. అంత పెద్ద ఆపద మళ్లీ రానక్కర్లేదు. మీ యజమాని గదులకు మరమ్మతులు పెట్టుకుని రెండు నెలలు మూసినా మీ జీతం ఆగుతుంది. ఇతర ఊళ్లలో నెల జీతం తీసుకునేవాళ్లకు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంటే సర్దుకుపోతుంది. తిరుపతిలో యాత్రికుల మీద బతికే కుటుంబానికి నేను ఆరు నెలలది అడుగుతాను. మీకైతే అది రూ.1.92 లక్షలు. బెదిరిపోకండి, సగం దారి మీ చేతిలోనే ఉంది.

ఆ చీటీ! ఏడు నెలల తర్వాత వచ్చే లక్ష రూపాయలు బండికి కాదు. ఉన్న బండి నడుస్తోందిగా? కిక్కు కొడితే స్టార్ట్ అవుతున్నంత కాలం దాని జోలికి పోవద్దు. ఆ లక్ష మూడు నెలల ఇంటి ఖర్చు. వచ్చిన రోజే, మీ జీతం పడే బ్యాంకులో కాకుండా వేరే బ్యాంకులో వేయండి, ఆ ఏటీఎం కార్డు జేబులో పెట్టుకోకండి. చీటీ అయిపోగానే ఖాళీ అయ్యే నెల నెల రూ.5 వేలు కొత్త చీటీకి కాకుండా అదే ఖాతాకు మళ్లించండి. ఈలోగా ఈఎంఐ కట్టడానికి సిద్ధపడ్డ ఆ రూ.3,167 ఉంది కదా, ఈ నెల నుంచే అది అక్కడ పడాలి. షోరూంకు కట్టగలిగినవాళ్లు తమకు తాము కట్టుకోలేరా? ఎఫ్‌డీనా, లిక్విడ్ ఫండా అని మాత్రం అప్పుడే అడగొద్దు. ముందు డబ్బు చేరనీయండి.

అమ్మగారి ఆరోగ్యానికి 70 దాటినవాళ్లకు ఆసుపత్రిలో ఉచిత వైద్యానికి కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకున్నారో లేదో చూసుకోండి. మీ దంపతులకు విడిగా ఒక హెల్త్ పాలసీ ఉండాలి. వ్యక్తిగత పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

రెండో మెకానిక్ మీటరు పెట్టి చూసి కూడా కంప్రెసరే అంటే, ఆ పాతదానికి కొత్త కంప్రెసర్ వేయించకండి. లాడ్జిలో ఏళ్ల తరబడి పగలూ రాత్రీ తిరిగిన మెషీన్ అది, అందులో చల్లదనానికి ఉండేది బహుశా ఓజోన్ పొరకు చేటు చేసే ఆర్-22 గ్యాసు, 2030 నాటికి దాన్ని మానుకోవాలని మన దేశమే ఒప్పుకుంది. స్ప్లిట్ కూడా వద్దు. అద్దె ఇంట్లో గోడకు రంధ్రం వేయడానికి ఓనరును బతిమాలుకోవాలి, ఇల్లు మారితే విప్పి బిగించడానికి మళ్లీ ఖర్చు. కిటికీ ఎలాగూ కోసి ఉంది. ఒక టన్ను విండో ఏసీ చిన్న గదికి సరిపోతుంది, ధర కూడా తక్కువ. బ్యాంకులో ఉన్నదాంట్లో రూ.6 వేలు వేసుకోండి, మిగతాదానికి రెండు సవర్లూ కాకుండా ఒక్క సవర చాలుతుందేమో చూడండి. లోన్ బ్యాంకులోనే తీసుకోండి, వడ్డీ నెలనెలా కట్టేయండి, చీటీ డబ్బు రాగానే మొదట ఆ బంగారం విడిపించుకోండి. మిగిలింది నిధికి.