ఆ ఆరు లక్షలు ఇవ్వకండి, ఐటీ సీటులో చేర్చండి

జనగామ నుంచి ఒక అమ్మ రాసిన ఉత్తరం ఇది, కాస్త కుదించి ఇస్తున్నాను: "మా ఆయనకు ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది, షాపు ఖర్చులు పోను నెలకు 40 వేలు ఇంటికొస్తాయి. బాబుకి ఈఏపీసెట్‌లో 32 వేల ర్యాంకు. కన్వీనర్ కోటాలో ఐటీ సీటు వచ్చింది, ఫీజు ఏడాదికి 95 వేలు. ఇంతలో తెలిసినాయన ఒకరు పేరున్న కాలేజీలో సీఎస్‌ఈ మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తానన్నారు. ఆరు లక్షలు చేతికివ్వాలట, రసీదు ఉండదట, పైన ఫీజు ఏడాదికి లక్షా అరవై వేలు. మా ఆయన రెండు రూపాయల వడ్డీకి తెద్దామంటున్నారు. ఎఫ్‌డీ మూడు లక్షలుంది, నాలుగు లక్షల చిట్టీ నడుస్తోంది, పాప తొమ్మిదో తరగతి. బాబేమో నెట్‌వర్కింగ్ ఇష్టం, అంత డబ్బు వద్దు, బీఎస్సీ కంప్యూటర్స్‌లో చేరి సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) చేస్తా అంటున్నాడు. ఇంట్లో ఇంటర్నెట్ కేబుల్ కొసలకు ప్లగ్గులు కూడా వాడే బిగిస్తాడు. ఏం చేయమంటారు?"

అమ్మా, ముందే చెప్పేస్తాను. ఆ ఆరు లక్షలు ఇవ్వకండి. వచ్చిన ఐటీ సీటులో బాబుని చేర్చండి, ఫీజుకి వాడి పేరు మీద బ్యాంకు లోన్ తీసుకోండి, ఎఫ్‌డీని, చిట్టీని కదపకండి.

రెండు రూపాయల వడ్డీ అనేది చెవికి చిన్నగా వినిపిస్తుంది, అక్కడే మనవాళ్ళు మోసపోతారు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఆరు లక్షల మీద నెలకు 12 వేలు, ఏడాదికి లక్షా 44 వేలు, బాబు నాలుగేళ్ళ చదువు పూర్తయ్యేసరికి వడ్డీయే 5 లక్షల 76 వేలు, అసలు మాత్రం ఒక్క రూపాయి తగ్గదు. దానికి నాలుగేళ్ళ ఫీజు 6 లక్షల 40 వేలు కలపండి. మొత్తం 18 లక్షలు దాటుతుంది, ఇందులో హాస్టలు, పుస్తకాలు ఇంకా లేవు. నెలకు 40 వేలొచ్చే ఇంట్లోంచి 12 వేలు వడ్డీకే పోతే, పాప ఇంటర్‌కి వచ్చే ఏడాది మీ చేతిలో ఏం మిగులుతుందో కాగితం మీద రాసి చూడండి.

రసీదు లేదన్నారు కదా, అది ఇంకా పెద్ద ప్రమాదం. డొనేషన్ తీసుకోవడాన్ని నిషేధిస్తూ 1983లోనే చట్టం వచ్చింది. రసీదు లేని డబ్బుకి బ్యాంకు లోన్ ఇవ్వదు, రేపు సీటు రాకపోతే ఆ పెద్దమనిషిని ఏ కాగితం చూపించి అడుగుతారు? నా దగ్గరికి ఒక తండ్రి ఇలాగే వచ్చారు, ఇచ్చిన డబ్బులో సగం తిరిగి రాబట్టుకోవడానికి రెండేళ్ళు తిరిగారు. ఆయన ముఖం నాకింకా గుర్తుంది.

పేరున్న కాలేజీకి క్యాంపస్ సెలక్షన్ల కోసం కంపెనీలు ఎక్కువ వస్తాయి, నిజమే, కాదనను. కానీ పెద్ద ఐటీ సర్వీసు కంపెనీలు ఫ్రెషర్లను ఎక్కువగా తీసుకునేది ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే, చేతికొచ్చేది నెలకు పాతిక వేలకు కాస్త అటూ ఇటూ. ఆ జీతంలోంచి మీ ప్రైవేటు అప్పు వడ్డీ 12 వేలు కడితే, హైదరాబాద్‌లో రూము అద్దె, తిండి ఎలా? సీఎస్‌ఈ చదివినా ఐటీ చదివినా డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్, కంప్యూటర్ నెట్‌వర్క్స్ అవే పేపర్లు, క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు చాలావరకు రెండు బ్రాంచీలనీ కూర్చోబెడతాయి. బ్రాంచి పేరులోని ఆ తేడాకి ఆరు లక్షలు పెట్టడం నాకు ఏ కోణంలోనూ సబబనిపించడం లేదు.

మీ ఉత్తరంలో నన్ను బాగా పట్టుకున్నది కేబుల్ ప్లగ్గుల మాట. ఆ కేబుల్‌లో ఎనిమిది సన్నటి తీగలుంటాయి: తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-పచ్చ, నీలం, తెల్ల-నీలం, పచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. ఈ వరుసలోనే వేలితో చదును చేసి, కొసలు సమంగా కత్తిరించి, ప్లగ్గులోకి తోసి నొక్కాలి, ఒక్క తీగ అటుదిటైతే లైను సరిగ్గా పనిచేయదు. ఎవరూ చెప్పకుండా పిల్లాడు అది ఓపిగ్గా చేస్తున్నాడంటే వాడి ఇష్టం ఉత్తమాట కాదు. దాన్ని ఖర్చు లేకుండా పెంచే దారులున్నాయి. సిస్కో వాళ్ళ ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, రౌటర్లు, స్విచ్‌లు కొనకుండానే కంప్యూటర్‌లో నెట్‌వర్కు కట్టి సబ్‌నెట్టింగ్ (ఒక నెట్‌వర్కును చిన్న భాగాలుగా విడగొట్టడం) లెక్కలు ప్రాక్టీసు చేయొచ్చు. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల నెట్‌వర్క్స్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్షకు ఫీజు. సీసీఎన్‌ఏ పరీక్షకి 300 డాలర్లు, పన్నుతో కలిపి ముప్పై వేల చుట్టుపక్కల అవుతుంది. అది ఇప్పుడే వద్దు. ఆ సర్టిఫికెట్ మూడేళ్ళే చెల్లుతుంది కాబట్టి మొదటి ఏడాదిలో రాస్తే ఉద్యోగం వెతికే వేళకి గడువు దగ్గరపడుతుంది, మూడో సంవత్సరం సెలవుల్లో రాయించండి. దాంతోపాటు పైథాన్, లైనక్స్ నేర్చుకోమనండి, ఇప్పుడు నెట్‌వర్క్ పని చేసేవాళ్ళు కూడా కోడ్ రాయాల్సిందే.

బాబు అడిగిన బీఎస్సీ తక్కువదేం కాదు. దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) ద్వారా ప్రభుత్వ కాలేజీలో చేరితే ఫీజు బీటెక్‌తో పోల్చలేనంత తక్కువ, తర్వాత ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి ఎంసీఏ చేయొచ్చు, ఎంసీఏ ఇప్పుడు రెండేళ్ళే. కన్వీనర్ సీటు రాకపోయి ఉంటే, మేనేజ్‌మెంట్ సీటు కన్నా ఇదే మేలని గట్టిగా చెప్పేవాణ్ణి. కాకపోతే బీటెక్ ఉంటేనే తీసుకునే కంపెనీలు ఇంకా ఉన్నాయి, బీఎస్సీ వాళ్ళకి మొదటి జీతం కూడా చాలా చోట్ల తక్కువ. సీటు చేతిలో ఉన్నప్పుడు వదులుకోవద్దని వాడికి చెప్పండి, డబ్బు గురించి వాడు పడుతున్న టెన్షన్ మాత్రం తీసేయండి.

ఇక లోన్. నాలుగేళ్ళ ఫీజు 3 లక్షల 80 వేలు. నాలుగు లక్షల వరకు విద్యా రుణానికి బ్యాంకు తాకట్టు అడగదు, మీ ఇద్దరిలో ఒకరు కలిసి సంతకం పెడితే చాలు, మీ చేతి వాటా కూడా పెట్టక్కర్లేదు. అందుకే ల్యాప్‌టాప్ ఖర్చు అందులో కలపకండి, నాలుగు లక్షలు దాటితే ఐదు శాతం మీరు వేసుకోవాలి. ల్యాప్‌టాప్ ఎఫ్‌డీ వడ్డీలోంచి కొనండి, 16 జీబీ ర్యామ్ ఉన్నది చూడండి. చదువు అయ్యాక ఇంకో ఏడాది వరకు వాయిదాలు మొదలవవు, అయినా వడ్డీ మాత్రం నెలనెలా కట్టేయమంటాను. పది శాతం అనుకుంటే మొదటి ఏడాది నెలకు 800 రూపాయలు, నాలుగో ఏడాది కూడా 3,200 దాటదు, ఇలా కట్టేవాళ్ళకి చాలా బ్యాంకులు వడ్డీ రేటులో ఒక శాతం తగ్గిస్తాయి. ఉద్యోగం వచ్చాక ఐదేళ్ళకి పెట్టుకుంటే వాయిదా 8,100 దగ్గర ఉంటుంది, పాతిక వేల జీతంలో బాబు తనే కట్టుకోగలడు. మీ కాలేజీ పీఎం విద్యాలక్ష్మి అనే కేంద్ర విద్యా రుణ పథకం జాబితాలో ఉందో లేదో కూడా చూడండి. ఉంటే, మీ ఆదాయం ఏడాదికి ఎనిమిది లక్షల లోపే కాబట్టి, చదివే కాలంలో వడ్డీ రేటులో మూడు శాతం కేంద్రం భరించే అవకాశం ఉంది. మేనేజ్‌మెంట్ కోటాకి ఈ సాయం లేదు.

చిట్టీ ఇప్పుడే పాడకండి, నష్టానికి పోతుంది. అది పాప ఇంటర్ నాటికి చేతికి రానివ్వండి. ఎఫ్‌డీ షాపుకి, ఇంటికి ఆపద్ధనం. మీ ఆయనకి కొడుకు మీద ఉన్న ప్రేమే ఆయన్ని ఆ అప్పు దాకా తీసుకెళ్ళింది, కాబట్టి వాదించకండి, నెలకు 12 వేలు, నెలకు 800 అనే రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించండి. అలాట్‌మెంట్ ఆర్డర్, ఇంటర్ మెమో, కాలేజీ ఇచ్చే ఫీజు కాగితం, ఆధార్, పాన్, ఆదాయ పత్రం తీసుకుని ఈ వారంలోనే మీ ఖాతా ఉన్న బ్యాంకుకి వెళ్ళండి. మేనేజర్ తర్వాత రమ్మంటే విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి, ఆ నంబరు పట్టుకుని మళ్ళీ వెళ్ళండి.