వృద్ధాశ్రమంలో ఉన్న అమ్మ గురించి గట్టిగా అడిగితే ఆమెకే ఇబ్బంది అవుతుందా?

ప్రశ్న: మా అమ్మ వయసు 78. హనుమకొండలో నెలనెలా డబ్బు కట్టే ఒక వృద్ధాశ్రమంలో ఏడు నెలలుగా ఉంటోంది. బాగా చిక్కిపోయింది. ముంజేతి మీద కమిలిన మచ్చ కనిపించింది. ఆదివారం గంటసేపు తప్ప లోపలికి రానివ్వరు. గట్టిగా అడిగితే మేము వచ్చేశాక ఆమెను బాధపెడతారేమోనని భయం. ఏం చేయాలి?

జవాబు: ఆ భయంతోనే నేను నాలుగు నెలలు నోరు మెదపలేదు. ఆ నాలుగు నెలలు మా నాన్న పడిన బాధ తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. కాబట్టి ముందే చెబుతున్నాను, అడగండి. నేను చూసినంతలో, తన కోసం ఎవరూ అడగని మనిషికే అక్కడ ఎక్కువ కష్టం.

మా నాన్న ఆజంజాహి మిల్లు కార్మికుడు. పక్షవాతంతో కుడివైపు పడిపోయాక, ఇంట్లో పగలు చూసేవాళ్లు లేక వరంగల్‌లోనే ఒక ఆశ్రమంలో చేర్చాము. గదులు శుభ్రంగా ఉన్నాయి, గోడలకు కొత్త రంగు, మాట మర్యాద. మూడో నెలలో నాన్న నన్ను మా మేనత్త పేరుతో పిలవడం మొదలుపెట్టారు. ‘వయసు కదమ్మా, మతి తప్పుతోంది’ అన్నాడు మేనేజరు. నమ్మాను. తరువాత జ్వరం వచ్చి ఆసుపత్రికి తీసుకువెళితే డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, రోజుకు ఎన్ని నీళ్లు తాగుతున్నారని. నా దగ్గర జవాబు లేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గిపోయింది, సోడియం పడిపోయింది. చికిత్స మొదలైన వారానికి నాన్న నన్ను నా పేరుతోనే పిలిచారు.

పెద్దవాళ్లలో మతి ఉన్నట్టుండి తప్పితే దాన్ని వయసు ఖాతాలో వేయకూడదని ఆ రోజు తెలిసింది. కారణం చాలాసార్లు ఇన్ఫెక్షనో, నీళ్లు చాలకపోవడమో, మందుల తేడానో అయి ఉంటుంది.

నీళ్లు ఎందుకు చాలలేదో రాత్రి పనిచేసే ఆయా చెప్పింది. సాయంత్రం ఐదున్నరకే అన్నం పెట్టేసి, ఆ తరువాత నీళ్లు ఇవ్వవద్దని పైనుంచి మాట. రాత్రి డైపర్లు మార్చే పని తగ్గాలని. ఇరవై రెండు మందికి రాత్రి ఆమె ఒక్కతే. పరకాల వైపు పల్లె నుంచి వచ్చి పన్నెండు గంటలు నిలబడే మనిషి ఆమె. నా కోపం ఆమె మీద కాదు, అంతమందిని ఒక్కరి చేతిలో పెట్టి నెలనెలా మా దగ్గర పూర్తి డబ్బు తీసుకున్న యాజమాన్యం మీద. మీరు కూడా పగలు ఎంతమంది ఉన్నారని కాదు, రాత్రి ఎంతమంది ఉంటారని అడగండి.

మీ అమ్మగారి చేతి మీది మచ్చ గురించి ముందు ఆమెనే, ఎవరూ లేనప్పుడు అడగండి. ముసలితనంలో చర్మం పలచబడి, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు, చిన్న దెబ్బకే కమిలిపోతుంది. కానీ రెండు మణికట్ల చుట్టూ గాజులా గుర్తు ఉంటే కట్టేశారేమోనని అనుమానించాల్సిందే. ఫొటో తీసి తేదీ రాసుకోండి. దుప్పటి తీసి నడుము కింద ఎముక దగ్గర, మడమల దగ్గర చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే అది పడకపుండుకు మొదలు. మంచం మీదే ఉండేవాళ్లను సుమారు రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి. నెలనెలా బరువు చూసి రాయమనండి. ఏ మందులు ఇస్తున్నారో, నిద్రమాత్ర ఉంటే ఏ డాక్టరు రాశారో కాగితం చూపమనండి.

మాటలతో అడిగినన్నాళ్లు నాకు దొరికింది చిరునవ్వే. ఉత్తరం రెండు ప్రతులు రాసి, ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద తేదీతో అందినట్టు సంతకం తీసుకున్నాక మేనేజరు గొంతు మారింది. ‘అంత కష్టంగా ఉంటే మీ నాన్నను తీసుకుపోండి’ అన్నాడు. మీరు భయపడుతున్నది సరిగ్గా ఈ మాటకే. నేనూ ఆ రాత్రి చాలా ఏడ్చాను. మరుసటి ఆదివారం వరండాలో కలిసే మిగతా కుటుంబాలతో మాట్లాడాను. అందరి మనసులోనూ అదే ఉంది, ఎవరికివారు తమకు ఒక్కరికే అనుకుంటున్నారు. నలుగురం కలిసి సంతకాలు పెట్టి వెళ్లాము. ఒకరిని తీసుకుపొమ్మన్నంత తేలికగా నలుగురిని అనలేకపోయాడు.

అయినా పది రోజులు కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాము. తనిఖీకి అధికారులు వచ్చారు. రాత్రికి రెండో ఆయా వచ్చింది, రాత్రి భోజనం ఏడున్నరకు మారింది, ప్రతి మంచం దగ్గరా నీళ్ల సీసా పెట్టారు. చూడటానికి వెళ్లే వేళలు మాత్రం మార్చలేదు. దాని కోసం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాము.

చట్టం విషయంలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్ ప్రధానంగా పిల్లల నుంచి పోషణ ఇప్పించడానికి, చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని మాట తప్పితే ఆ బదిలీని రద్దు చేయడానికి. ఆశ్రమం నిర్లక్ష్యానికి దారి వేరు. మీరు డబ్బు కడుతున్నారు కాబట్టి అది సేవాలోపం, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అందుకే ప్రతి నెలా రసీదు అడిగి తీసుకోండి. కొట్టడం, కట్టేయడం అయితే అది నేరం, నేరుగా పోలీసులకు చెప్పండి. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఫోను చేయవచ్చు. న్యాయ సహాయానికి 15100.

ఇదంతా మీ అమ్మగారికి చెప్పే చేయండి. మా నాన్నను అడగకుండా మొదటి ఉత్తరం రాశాను. ‘నా గురించి రాస్తూ నన్ను అడగవా బిడ్డా’ అన్నారు. రెండోదానికి ఆయనే ఎడమచేత్తో సంతకం పెట్టారు.

ఈ ఆదివారం వెళ్లినప్పుడు అమ్మగారి పక్క మంచం మీద ఎవరున్నారో చూడండి. నాన్న పక్కన ఉండే పెద్దాయన కోసం రెండేళ్లలో ఒక్కరూ రాలేదు. ఆయన మడమలు కూడా నేనే దుప్పటి తీసి చూసేదాన్ని. నాన్న పోయి ఏడాది దాటింది, ఆ పెద్దాయన కోసం ఇప్పటికీ వెళుతున్నాను.