తడిసిన ధాన్యం వార్తలు చూసి డ్రైయర్ కొనొచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హనుమకొండలో ఒక ప్రైవేటు సంస్థలో స్టోర్ ఇన్‌చార్జిగా చేస్తున్నాను. జీతం 28,000. నా భార్య కుట్టుపనితో నెలకు 8,000 దాకా సంపాదిస్తుంది. ఇద్దరు పిల్లలు. ఇంటి ఖర్చు 24,000, చిట్టీ 10,000. సొంతూరు నెక్కొండ దగ్గర. ఏడాదిగా పేపర్లో జిల్లా పేజీలు చదివి, జనం సమస్యల మీద వచ్చిన వార్తలు కత్తిరించి దాచుకుంటున్నాను. కొనుగోలు కేంద్రాల్లో తడిసిన ధాన్యం, నీట మునిగిన కాలనీలు, కోతుల బెడద ఎక్కువగా కనిపిస్తున్నాయి. ధాన్యం వార్త ప్రతి సీజన్‌లోనూ వస్తోంది. అందుకే 15 లక్షల అప్పు తీసుకుని, ధాన్యం ఆరబెట్టే డ్రైయర్ కొని ఊళ్లో పెట్టాలనుకుంటున్నాను. 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. 5 లక్షల చిట్టీ 50 నెలలది, 30 వాయిదాలు కట్టాను. ఇప్పుడు పాడుకుంటే 4 లక్షలకు పైనే వస్తాయి. అంటే 7 లక్షలు చేతిలో ఉన్నట్టే కదా. ఉద్యోగం మానేసి దిగొచ్చా?

జవాబు: ఉద్యోగం మానొద్దు. ఈ అప్పు తీసుకోవద్దు. కానీ ఆ కటింగ్‌లు మాత్రం పారేయకండి. ఊరి సమస్యలో బతుకుదెరువు వెతకడం మంచి ఆలోచన. పక్క జిల్లాలో ఎవరో పెట్టారని అదే షాపు మనమూ తెరిచే పద్ధతి కంటే ఇది చాలా మేలు. కాకపోతే వార్తను చదివే తీరు కొంచెం మారాలి.

ముందు డ్రైయర్ లెక్క చూద్దాం. 15 లక్షలు, 5 ఏళ్లు, 11 శాతం వడ్డీ అనుకుంటే నెల వాయిదా సుమారు 32,600 అవుతుంది. దానికి చిట్టీ 10,000 కలిపితే 42,600. ఇప్పుడు మీ ఇద్దరి ఆదాయం 36,000. ఉద్యోగం మానేస్తే మిగిలేది 8,000. ఇంటి ఖర్చు ఇంకా లెక్కలోకి రాలేదు. ఇక యంత్రం వైపు నుంచి చూడండి. వాయిదాల కింద ఏడాదికి 3 లక్షల 91 వేలు కట్టాలి. యంత్రం ఏడాదిలో 40 రోజులు నడిచిందనుకుంటే, నడిచిన ప్రతి రోజు బ్యాంకుకే 9,800 దాకా సంపాదించి పెట్టాలి. కరెంటు, ఇంధనం, కూలీలు, షెడ్డు ఖర్చు ఆ తర్వాత మాట.

ఆ 40 రోజులైనా వస్తాయా? ఎండ కాసినన్ని రోజులు కల్లంలో ధాన్యం ఉచితంగానే ఆరుతుంది. మద్దతు ధరకు కొనాలంటే తేమ 17 శాతం దాటకూడదు, దానికి రైతు నాలుగైదు రోజులు ఎండబెట్టుకుంటాడు. వాన పడిన రోజునే అందరికీ ఒకేసారి డ్రైయర్ కావాలి. ఆ రోజు మీ ఒక్క యంత్రం ఎంతమందికి సరిపోతుంది? పైగా కేంద్రంలో కుప్ప పోసిన ధాన్యాన్ని మళ్లీ ఎత్తి, ట్రాక్టర్‌లో వేసి, మీ దగ్గరికి తెచ్చి, తిరిగి కేంద్రానికి చేర్చాలి. హమాలీ ఖర్చు రెండింతలవుతుంది. మక్కలు కూడా ఆరబెట్టుకోవచ్చని అమ్మేవాళ్లు చెబుతారు. అది నిజమే. కానీ ఫలానా గ్రామంలో ఫలానా రైతులు ఇంత ధరకు తెస్తామన్నారని చూపించగలిగినప్పుడే ఆ మాటకు విలువ.

ఆ వార్తను ఇంకోసారి చదవండి. రైతులు ఎవరిని అడుగుతున్నారు? తడిసిన ధాన్యాన్ని ప్రభుత్వం కొనాలని అడుగుతున్నారు. కాంటాలు త్వరగా పెట్టమని, లారీలు పంపమని అడుగుతున్నారు. ఆ డిమాండ్ న్యాయమైనదే, నేను రైతుల పక్షమే. కానీ అది మీకు గిరాకీ కాదు. ఆ బాధ తీర్చాల్సింది సర్కారేనని రైతు నమ్ముతున్నాడు కాబట్టి దానికి తన జేబులో నుంచి తీసి ఇవ్వడు. రేపు ప్రభుత్వమే కేంద్రంలో డ్రైయర్ పెడితే మీ అప్పు మీకే మిగులుతుంది.

జిల్లా పేజీలో బాధ కనిపిస్తుంది, దాన్ని తప్పించుకోవడానికి జనం ఇప్పటికే పెడుతున్న ఖర్చు మాత్రం కనిపించదు. మీరు వెతకాల్సింది ఆ ఖర్చునే. అదే కేంద్రంలో రైతు పరదాలకు, అంటే టార్పాలిన్లకు, కిరాయి కడతాడు. వానొచ్చే ముందు పరదా దొరక్క ఊరంతా తిరుగుతాడు. తాలు (పొల్లు గింజలు) ఎక్కువుందని తూకంలో తరుగు తీస్తే నష్టపోతాడు. హమాలీకి ఇస్తాడు, ట్రాక్టర్‌కు ఇస్తాడు. వీటికి డబ్బు చేతులు మారుతోంది. ఒక్క ఉదాహరణ చూడండి. 2025-26లో ఏ గ్రేడ్ ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. తాలు పేరుతో క్వింటాకు 2 కిలోలు కోస్తే రైతుకు పోయేది దాదాపు 48 రూపాయలు. తాలు తీసే యంత్రం కిరాయికి ఇస్తే ఆయన చెల్లించగలిగే గరిష్ఠం ఆ 48 లోపే ఉంటుంది, అందులో సగం ఇచ్చినా గొప్పే. ప్రతి వార్తకూ ఇలా ఒక అంకె కట్టండి. అంకె కట్టలేని వార్తను పక్కన పెట్టండి.

దీనికి కేంద్రానికి వెళ్లక తప్పదు. ఒకటి రెండు ఆదివారాలు మీ మండలంలో మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కొనుగోలు కేంద్రాల దగ్గర, ఏదైనా పనిరోజు ఉదయం ఎనుమాముల మార్కెట్ యార్డులో గడపండి. ‘నేను ఇలాంటిది పెడితే తీసుకుంటారా?’ అని అడగొద్దు. మొహమాటానికి అందరూ తీసుకుంటామనే అంటారు. ‘పోయిన యాసంగిలో పరదాలకు ఎంతయింది? ఎన్ని రోజులు పెట్టుకున్నారు? ఎవరి దగ్గర తెచ్చారు? డబ్బు ఎప్పుడిచ్చారు?’ అని అడగండి. చివరి ప్రశ్న చాలా ముఖ్యం. రైతు కిరాయి చెల్లించేది ధాన్యం పైసలు ఖాతాలో పడ్డాకే. ఆ పైసలు ఆలస్యమైతే మీ కిరాయీ ఆలస్యమవుతుంది. ఊళ్లో చేసే ఏ వ్యాపారానికైనా ఉద్దెర కోసం కొంత సొమ్ము విడిగా ఉంచుకోవాలి. చాలామంది మొత్తం సరుకు మీదే పెట్టేసి ఇక్కడే ఇరుక్కుంటారు.

మీ పరిస్థితికి పరదాల కిరాయి సరిపోతుందని నాకు అనిపిస్తోంది. వానాకాలం వరి అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా, యాసంగి ఏప్రిల్, మే నెలల్లో, మధ్యలో జనవరి నుంచి మిర్చి కల్లాలు, వాటితో పాటు మక్కలు. ఒకే పరదా చాలా పంటలకు పనికొస్తుంది. వాన పడ్డా పడకపోయినా కావాలి, ఎందుకంటే కింద పరచడానికీ అదే. ఉదాహరణకు పరదా 2,000, రోజు కిరాయి 25 అనుకుందాం. అసలు ధరలు మీరు విచారించుకోండి. 80 రోజులు తిరిగితే పెట్టుబడి వస్తుంది. 64,000తో 32 పరదాలు కొంటే మొదటి ఏడాది పెట్టుబడి మాత్రమే తిరిగొస్తుంది, రెండో ఏడాది నుంచి మిగులు. అందులోనూ చిరుగులు, రవాణా పోతాయి. అంటే ఇది జీతానికి బదులు కాదు, పక్క ఆదాయం. అయినా దీన్నే సూచిస్తున్నాను. ఒక ఏడాది తిరిగేసరికి మీ మండలంలో ఎవరు ఎంత పండిస్తారు, ఎవరు సమయానికి ఇస్తారు, ఏ కేంద్రంలో ఏది కొరత అన్నది మీకు తెలిసిపోతుంది. తాలు యంత్రమైనా, రేపు నిజంగా డ్రైయరే అయినా, ఆ తెలివిడి మీద నిర్ణయించొచ్చు.

మిగతా కటింగ్‌ల గురించి రెండు మాటలు. వరంగల్, హనుమకొండ కాలనీలు 2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ మునిగాయి. నయీంనగర్ నాలా, బొందివాగు పేర్లు అప్పుడు అందరి నోటా వినిపించాయి. వరద రోజుల్లో పంపుసెట్లు కిరాయికి ఇచ్చి సంపాదించాలనే ఆలోచన వద్దు. అది ఏడాదికి కొన్ని రోజుల పని. ఆపదలో ఉన్నవాళ్ల దగ్గర ఎక్కువ గుంజితే ఆ చెడ్డపేరు ఎప్పటికీ పోదు. కానీ అదే కాలనీల్లో సంపులు, వాటర్ ట్యాంకులు కడగడానికి ఏడాదంతా మనుషులు కావాలి. పెట్టుబడి తక్కువ, డబ్బు అప్పటికప్పుడే చేతికొస్తుంది. పనిమీద సంపులోకి మనిషిని దించే ముందు గాలి ఆడేలా చూడడం, పైన ఇంకో మనిషిని ఉంచడం తప్పనిసరి. అది పాటించలేకపోతే ఆ పనే వద్దు. కోతుల విషయంలో పట్టే పని జోలికి పోకండి, అది అధికారుల పని. నిర్మల్ జిల్లా చించోలి దగ్గర కోతుల సంరక్షణ కేంద్రం 2020లో ప్రారంభమైంది, అయినా ఊళ్లలో బెడద పోలేదు. బాల్కనీలకు జాలీలు బిగించే పనికి మాత్రం గిరాకీ ఉంది, వెల్డింగ్ తెలిసిన మనిషి తోడుంటే ఆలోచించొచ్చు.

ఇక మీ 7 లక్షలు. చిట్టీ సొమ్మంతా మీ పొదుపు కాదు. పాడుకున్నాక కూడా 20 వాయిదాలు కట్టాలి. డివిడెండ్ పోను తగ్గొచ్చు కానీ సుమారు 2 లక్షలు బాకీ ఉన్నట్టే. కాబట్టి మీ దగ్గర నిజంగా ఉన్నది 5 లక్షల చిల్లర. అందులోంచి ఆరు నెలల ఖర్చు, చిట్టీ వాయిదాతో కలిపి నెలకు 34,000 చొప్పున 2 లక్షల 4 వేలు, ఎఫ్‌డీలోనే ఉండాలి. దాన్ని దేనికీ కదపొద్దు. ఎఫ్‌డీలో మిగిలిన లక్ష లోపు సొమ్మే మీ ప్రయోగానికి పెట్టుబడి. 65,000 పరదాలకు, 30,000 రవాణాకు, ఉద్దెరకు. చిట్టీ ఇప్పుడు పాడొద్దు. చివరి నెలలకు వెళ్లేకొద్దీ తగ్గింపు తక్కువ పోయి చేతికి ఎక్కువ వస్తుంది. మీకు 28,000 జీతం కాబట్టి 21,000 పరిమితి ఉన్న ఈఎస్‌ఐ వర్తించదు. సంస్థ ఆరోగ్య బీమా ఇవ్వకపోతే ముందు కుటుంబానికి అది, మీ పేరున టర్మ్ పాలసీ తీసుకోండి. వ్యాపారం దాని తర్వాతే.

సబ్సిడీ రుణం ఇప్పిస్తామని ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు ఉచితం. కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ రుణ పథకం పీఎంఈజీపీలో గ్రామీణ ప్రాంతంలో సాధారణ వర్గాలకు 25, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 35 శాతం సబ్సిడీ నిర్ణయించారు. ఆ సొమ్ము వెంటనే చేతికి రాదు, బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో జమవుతుంది. పైగా అది కొత్త యూనిట్లకే. కాబట్టి ఎప్పటికైనా తాలు యంత్రానికో డ్రైయర్‌కో ఆ దారిలో వెళ్లాలనుకుంటే, ఆ పని మొదలుపెట్టక ముందే జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఇప్పటి నిబంధనలు అడిగి తెలుసుకోండి.

ఒక వరి సీజన్ అయ్యాక నాకు మళ్లీ రాయండి. ఎన్ని పరదాలు, ఎన్ని రోజులు తిరిగాయి, ఎంత బాకీ ఉండిపోయింది, ఈ మూడూ పంపితే చాలు. చిట్టీ పాడాలా వద్దా అన్నది అవి చూసి చెప్తాను.