పర్లాకిమిడిలో పాత ఫోన్లు, బ్యాటరీలు ఎక్కడ ఇవ్వాలి?

ఉబ్బిన బ్యాటరీ ఉన్న పాత ఫోను, ఇంకో మామూలు ఫోను, డబ్బా నిండా రిమోట్ సెల్లులు, ఛార్జి నిలవని ఇన్వర్టర్ బ్యాటరీ. వీటన్నిటినీ మునిసిపాలిటీ చెత్త బండిలో వేసేయొచ్చా అని అడిగారు. వద్దండీ. మేమూ పర్లాకిమిడి వాళ్ళమే. మా వీధిలో ఇలాంటి సామాను పోగుచేసి పంపే పని నేనే చూస్తుంటాను, అందుకే చెబుతున్నా.

ముందు ఉబ్బిన ఫోను సంగతి చూడండి. మిగతావి నెల ఆగినా పరవాలేదు, అది ఆగదు. ఇక ఛార్జింగ్ పెట్టొద్దు. పైకి లేచిన మూతను నొక్కి బిగించాలని చూడొద్దు. లోపలి పొర చిరిగితే లిథియం బ్యాటరీ తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. మట్టి మూకుట్లో పొడి ఇసుక పోసి అందులో పెట్టండి. మూకుడు ఎండ తగలని చోట, ఇంటి బయట, పిల్లలకు అందకుండా ఉండాలి. తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, బ్యాటరీ ఉబ్బిందని స్పష్టంగా చెప్పి, ఎక్కడ తీసుకుంటారో కనుక్కోండి. అడక్కుండా సంచిలో వేసుకుని విశాఖ బస్సో రైలో ఎక్కేయకండి.

ఇన్వర్టర్ బ్యాటరీతో పెద్ద బెంగ లేదు. కొత్తది కొనే షాపులోనే పాతది తీసుకుని ధర తగ్గిస్తారు. నిలువుగానే ఉంచి పంపండి. నాలుగు డబ్బులు ఎక్కువిస్తానని వచ్చేవాళ్ళకు మాత్రం ఇవ్వొద్దు. దాన్ని పగలగొట్టి యాసిడ్ కాలవలో పారబోసి, సీసం కరిగిస్తారు. ఆ సీసం పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది.

వైర్ల విషయం నాకు బాగా బాధ కలిగిస్తుంది. మహేంద్రతనయ నది గట్టున రాగి కోసం వైర్లు కాలుస్తుంటే ఆ నల్లటి పొగ చూశాను. ప్లాస్టిక్ తొడుగు కాలితే డయాక్సిన్ల వంటి విషాలు గాల్లో కలుస్తాయి. మా వీధికొచ్చే కబాడీ అతనికి వలిచిన రాగే ఇస్తాం. కాల్చిన రాగికి ధర తక్కువని అతనికీ తెలుసు.

బ్యాటరీలను మామూలు చెత్తతో కలపకుండా విడిగా ఇవ్వాలని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలే చెబుతున్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనలు పాత ఫోన్ల రీసైక్లింగ్ బాధ్యతను తయారీ కంపెనీల మీద పెట్టాయి. కాబట్టి బరంపురంలోనో విశాఖలోనో సర్వీస్ సెంటర్‌కి వెళ్ళినప్పుడు మొహమాటపడకుండా అడగండి.

సెల్లుల డబ్బాలో బిళ్ళ సెల్లులుంటే ఈరోజే ఏరి, రెండు వైపులా టేపు చుట్టండి. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగారని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి.

మామూలు ఫోను ఇచ్చేముందు సిమ్, మెమరీ కార్డు తీసి, గూగుల్ ఖాతా తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఉబ్బిన ఫోనును దీనికోసం ఆన్ చేయొద్దు. ఇంకో ఫోను నుంచి మీ ఖాతాలోకి వెళ్ళి, అందులో దాన్ని సైనౌట్ చేసి, పాస్‌వర్డ్ మార్చేయండి.